ఉప్పు గోడౌను

"పంపకం ఆపడమా? నా బొందిలో ప్రాణం ఉండగా ఆ మాట అనకు," అన్నారు వీరరాఘవులు గారు, విస్తట్లో అన్నానికి గుంట చేసి చారు పోయించుకుంటూ.

ప్రాణం మాట ఆయన ఎప్పుడెత్తినా భోజనం దగ్గరే ఎత్తుతారు.

చారు పోస్తున్నది కోడలు చంద్రావతి. పక్క విస్తరి ముందున్నది ఆమె భర్త తాతారావు, తండ్రి నడిపే కంపెనీకి సెక్రటరీ. ఈ ఆరునెలలకీ వాటాదార్లకి పంపకం ఆపితే ఎలా ఉంటుందని నసిగినవాడు అతనే. తండ్రి గొంతు పెరగగానే, ఆ మాట మరెవరో అన్నట్టు గుమ్మంకేసి చూశాడు.

గుమ్మంలో సూర్యకుమారి నిలబడి ఉంది. పెద్దాయనకి ఒక్కతే కూతురు. భర్త పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బూ, గణపవరం దగ్గర పొలం అమ్మిన డబ్బూ తండ్రి ఈ కంపెనీలోనే వాటాలు కొనిపించారు. ఆడదాని సొమ్ము గోడల్లో ఉంటే భద్రమని అప్పుడు అన్నారు. ఆ గోడలిచ్చే పంపకం మీదే ఇప్పుడు ఆమె బతుకంతా ఆధారపడి ఉంది. వదిన దగ్గర పాఠాలు చెప్పించుకుని ఈ ఏడు బి.ఏ. పాసైంది. రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో సీటు వచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు మరొకరికి పోతుంది.

"నాన్నగారూ, బ్యాంకువాళ్ళు వడ్డీ పెంచారు కదా. మరి పంపకం ఎలా వస్తుంది?" అని అడిగింది.

"పెంచారమ్మా. ఈ కొత్త పైసలు తెచ్చినప్పుడే అనుకున్నాను, ఇలాంటిదేదో వస్తుందని."

కొత్త పైసలకీ బ్యాంకు వడ్డీకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. ఆయన ఏ రెండిటికి సంబంధం ఉందంటే ఆ ఇంట్లో వాటికి సంబంధం ఉన్నట్టే.

బోర్డు మీద గోదావరీ బిల్డింగ్స్ లిమిటెడ్ అని ఉన్నా, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా జనం దాన్ని అద్దెల కంపెనీ అనే అంటారు. పది కుటుంబాలవాళ్ళు తలా కొంత వేసి, చాలనిది బ్యాంకులో తెచ్చి, గూడెం స్టేషను రోడ్డులో మేడ కట్టారు. కింద కొట్లు, పైన ఆఫీసులు, నెత్తిన సిమెంటుతో చేసిన రెండు సింహాలు. వచ్చిన అద్దెలో బ్యాంకు వడ్డీ పోగా మిగిలింది ఆరునెలలకోసారి వాటాదార్లకి పంచుతారు. ఇంతకన్నా తెలివైన వ్యాపారం దేశంలో లేదని వీరరాఘవులు గారు రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెప్పేవారు. వడ్డీ పెరిగినప్పటినుంచీ ఆయన రైల్లో నిద్రపోతున్నారు.

"అద్దెలు పెంచడానికి వీల్లేదా, మావయ్యగారూ?" అంది చంద్రావతి.

తాతారావుకి పొలమారింది. వీరరాఘవులు గారు కోడలికేసి జాలిగా చూశారు.

"కింద బట్టల కొట్టు ఎవరిదమ్మా? మీ అత్తయ్య అన్నగారి అల్లుడిది. పక్క కొట్టు మా పిన్నికొడుకుది. మనవాళ్ళే కదా అని పదేళ్ళకి కాయితాలు రాసిచ్చాం. మధ్యలో ఎలా పెంచుతాం? మొహమొహాలు చూసుకోవద్దూ?"

"బ్యాంకువాళ్ళు మాత్రం మనకి పదేళ్ళకి రాసివ్వలేదన్నమాట."

"వాళ్ళెందుకు రాసిస్తారు? వాళ్ళు మనవాళ్ళు కారుగా!"

అన్నాక ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది ఆయనకి. మజ్జిగ వెయ్యమన్నారు.

తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి కూతురితో నెమ్మదిగా, ఎంతో ప్రేమగా అసలు సంగతి చెప్పారు. ఆకివీడులో కంపెనీకున్న ఉప్పు గోడౌను అమ్మేస్తారు. ఆ డబ్బుతో బ్యాంకు అప్పు కొంత తీరుతుంది. మిగిలినదాంతో ఈ ఆరునెలల పంపకం ఎప్పటిలాగే వాటాకి ఆరు రూపాయలు పూర్తిగా ఇస్తారు. ఊళ్ళో తల ఎత్తుకుని తిరగొచ్చు. అమ్మకానికి మొత్తం వాటాల్లో నాలుగింట మూడువంతులు ఒప్పుకోవాలి. సూర్యకుమారి వాటాలే మూడోవంతుకి దగ్గరగా ఉన్నాయి.

"రేపు మధ్యాహ్నం మీటింగు. నువ్వు సరేనను తల్లీ. సోమవారం నీ ఫీజు నీ చేతుల్లో ఉంటుంది."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోవడం ఏమిటి?" అన్నారాయన నిజంగానే ఆశ్చర్యపడి.

సూర్యకుమారి వంగి విస్తళ్ళు ఎత్తింది. తండ్రి తన డబ్బు తనకే ఎర వేస్తున్నాడని ఆమెకి తెలిసిందో లేదో చంద్రావతికి అర్థం కాలేదు. తెలిసినా, ఎర ఎరే కదా. ఆకలి ఉన్నవాళ్ళకి కనిపిస్తుంది.

*

ఆ గోడౌనులో ఉప్పు ఉండదు.

అందులో చేపలుంటాయి. కొల్లేటి చేపలు. పచ్చివి బుట్టల్లో ఐసు వేసి కలకత్తా రైలుకి ఎక్కిస్తారు. మిగిలినవి ఎండబెట్టి మూటలు కడతారు. కంపెనీవారు నాలుగేళ్ళ క్రితం వేలంలో చవగ్గా వస్తోందని, లోపల ఏముందో చూడకుండా కొన్నారు. చూశాక, అద్దె ఎంతో విని, చూడనట్టే ఉండిపోయారు. వాటాదార్లందరూ ఉల్లిపాయ కూడా వారానికి రెండురోజులు మానేసే నిష్ఠాపరులు. వాళ్ళకి ఉప్పు గోడౌను అని చెప్పారు.

ఇంట్లో ఆడవాళ్ళకి కూడా అలాగే చెప్పారు. అత్తగారు ఆదిలక్ష్మమ్మకి నిజం తెలియదని మావగారి నమ్మకం. చంద్రావతికి మాత్రం మొదటి నెలలోనే సంగతి తెలిసిపోయింది. గూడెం అద్దెలు వస్తే అత్తగారు తిన్నగా ఇనప్పెట్టెలో పెడతారు. ఆకివీడు అద్దె వస్తే ముందు గిన్నెలో పసుపు నీళ్ళు కలిపి, తులసాకుతో నోట్ల మీద చల్లి, ఆరబెట్టి, అప్పుడు లోపల పెడతారు. ఎందుకని ఒకసారి అడిగితే, "ఉప్పు డబ్బు కదమ్మా, చెమ్మ ఉంటుంది," అన్నారు.

చెమ్మ పోవడానికి నీళ్ళు చల్లే మనిషిని చంద్రావతి అంతకుముందు చూడలేదు.

ఆ పసుపు మచ్చల నోట్లే పంపకంలో వాటాదార్లకి వెళ్ళేవి. ఆదిలక్ష్మమ్మ గారు లక్ష్మీపూజ చేసి ఇస్తారని పేరు వచ్చింది. కొంతమంది ఆ నోట్లే కావాలని అడిగి తీసుకునేవారు.

మీటింగు రోజు పొద్దున్నే గోడౌనులో అద్దెకున్న పెద్దింటయ్య ఏలూరు వచ్చాడు. కొనేవాడు కూడా అతనే కాబట్టి మావగారు కబురు పెట్టారు. ఆకివీడులో అతని మాట మీద లారీలు కదులుతాయి. ఇక్కడ మాత్రం వీధి అరుగు మీద, సావిట్లోకి గాలి రానివైపు కూర్చోబెట్టారు. తెల్లటి లాల్చీ వేసుకున్నాడు. చేతికి వాచీ ఉంది. మావగారికన్నా మంచిది.

చంద్రావతి మజ్జిగ తీసుకెళ్ళింది. బయటివాళ్ళ గ్లాసులోనే తీసుకెళ్ళక తప్పలేదు. అతను ఆ గ్లాసుని ఒక క్షణం చూసి, నవ్వి, తాగాడు.

"మీరు కొంటున్నారటగా?" అంది.

"అమ్ముతామంటే కొనకేం చేస్తానమ్మగారూ? సగం ధరకొస్తుంటే."

"సగం ధరకెందుకు వస్తోంది?"

"మీవోళ్ళు అమ్ముతుంది గోడౌనైతేగా! సిగ్గు అమ్ముతున్నారు. అది చవగ్గానే వస్తది." గ్లాసు అరుగు చివర పెట్టాడు. "చేపల యాపారం చేసేవోడు తప్ప ఇంకోడు దాన్ని కొనడు. మీవోళ్ళు ఇంకోడికి చూపించనూ చూపించరు. ఇంక ధర చెప్పేది నేనే కదండీ."

అతని మాటలో మర్యాద ఎంత ఉందో ధిక్కారమూ అంతే ఉంది. చంద్రావతికి కోపం రావలసింది. రాలేదు.

"అమ్మకుండా అయిదేళ్ళకి అద్దెకి రాసిస్తే?"

పెద్దింటయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది," అన్నాడు. "ఏటేటా కాయితం. ఏటేటా కదలమంటారేమోనని ఐసు గది కట్టించుకోలేకపోతున్నాను. అయిదేళ్ళు రిజిస్ట్రీ చేసిస్తే అద్దె రూపాయికి పావలా పెంచుతాను. ఏడాది అద్దె ముందే ఇచ్చేస్తాను."

"ఈ మాట మావయ్యగారితో అన్నారా?"

"నేనెందుకంటానమ్మా? కొనుక్కుంటే నాకు లాభం. మీరడిగారు కాబట్టి చెప్పాను. ఆరడిగితే ఆరికీ చెప్తాను. అబద్ధం మాత్రం చెప్పను."

*

వంటింట్లో సూర్యకుమారి మీటింగుకి వచ్చేవాళ్ళ కోసం కాఫీ గింజలు వేయిస్తోంది. చంద్రావతి చెప్పినదంతా గరిటె ఆపకుండా వింది.

"నాకెందుకు చెప్తున్నావు వదినా ఇవన్నీ?"

"ఓటు నీది కాబట్టి."

"సీటూ నాదే."

"అద్దె పెంచుకోవడానికి వీలున్నది ఆ గోడౌను ఒక్కటే సూర్యం. గూడెం మేడ అద్దె పదేళ్ళ దాకా కదలదు. వడ్డీ కదులుతుంది. కదిలేదాన్ని అమ్మేసి కదలనిదాన్ని పట్టుకుని కూర్చుంటే, వచ్చే ఏడు పంపకం మూడు రూపాయలవుతుంది, ఆపైన ఒకటి. నీ వాటాలు కాయితాలుగా మిగులుతాయి. పాలిచ్చే గేదెని అమ్మి కట్టుగుంజకి రంగు వేయిస్తామంటున్నారు మీ నాన్నగారు."

"ట్రైనింగు ఏడాదే. ఆ తర్వాత జీతం వస్తుంది. అప్పుడు నాకు పంపకంతో పనేమిటి?"

"నీకు లేదు. వాటాదార్లలో నీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు."

సూర్యకుమారి గరిటె ఆపింది. గింజలు మాడిన వాసన వచ్చింది.

"నువ్వు బి.ఏ. చదివి పెళ్ళి చేసుకుని వచ్చావు. నీకు న్యాయం తోస్తుంది. అందరి గురించీ ఆలోచించగలవు. నేను ఈ వంటింట్లోంచి బయటపడాలి వదినా. ఈ ఏడు పోతే వచ్చే ఏడు మళ్ళీ ఏదో ఒకటి వస్తుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి. నాన్నగారికి గుండె. ఎవరికో పురుడు. నాకు మొగుడు లేడు కాబట్టి అందరి పనులూ నావే."

చంద్రావతికి చెప్పడానికి ఉన్నదల్లా న్యాయమే. అది అప్పుడే ఒకసారి చెప్పేసింది.

మాడిన గింజల్ని ఏరి పారెయ్యడం మొదలుపెట్టింది సూర్యకుమారి. ఒక్కొక్కటే, చాలాసేపు.

*

మధ్యాహ్నం సావిడి నిండింది. అందరికన్నా ముందు కూర్చున్నది తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన సుబ్బయ్య గారు, ఆదిలక్ష్మమ్మ అన్నగారు, బట్టల కొట్టు అల్లుడికి మావగారు. నుదుట కుంకుమ, భుజాన జరీ కండువా, చేతిలో విసనకర్ర. ఫాను తిరుగుతున్నా విసురుకుంటారు. తనమీద తనకి నమ్మకం ఎక్కువ.

ఆడవాళ్ళకి వాటాలున్నా సావిట్లోకి రారు. లోపలి గదిలో తలుపు వెనక కూర్చుంటారు. వాళ్ళ మాట ఏదైనా ఉంటే మొగవాళ్ళు వచ్చి తలుపు దగ్గర అడిగి, వెళ్ళి సావిట్లో చెబుతారు. వాళ్ళ మాట ఏదీ ఉండదని అందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరూ రారు.

వీరరాఘవులు గారు లేచి వడ్డీ పెరిగిన సంగతి చెప్పారు. దేశం కోసం కొన్ని కష్టాలు పడాలన్నారు. పంపకం మాత్రం తగ్గదనగానే చప్పట్లు కొట్టారు. దేశం కోసం కష్టాలు పడడం అంతటితో అయిపోయింది.

"ఆకివీడు ఉప్పు గోడౌను అమ్మేద్దామని డైరెక్టర్ల అభిప్రాయం. దూరాభారం. అక్కడ చూసుకునే నాథుడు లేడు."

"అమ్మేద్దాం బావగారూ," అన్నారు సుబ్బయ్య గారు. "మన మేడ మీద సింహాలున్నంతకాలం మనకి ఉప్పు ఎందుకండీ?"

అందరూ నవ్వారు.

"మరి అమ్మాయి వాటాలు?" అన్నారెవరో.

"అమ్మాయిది సరేనే," అన్నారు వీరరాఘవులు గారు, తలుపువైపు చూడకుండానే.

తలుపు తెరుచుకుంది.

సూర్యకుమారి గడప దాటి ఒక అడుగు వేసి ఆగింది. సావిట్లో విసనకర్ర ఆగింది. చంద్రావతి ఆమె వెనకాల తలుపు పట్టుకుని నిలబడింది. ఏ మాట వస్తుందో చంద్రావతికి తెలియదు. వంటింట్లో మాటలయ్యాక ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

"సరేనని నేను అనలేదు నాన్నగారూ," అంది సూర్యకుమారి. "అమ్మవలసినంత నష్టం ఆ చేపల గోడౌనులో ఏముంది?"

"ఉప్పు, ఉప్పు," అన్నాడు తాతారావు కంగారుగా.

"చేపలన్నయ్యా. నీకు తెలుసు. అరుగు మీద కూర్చున్నాయన చేపల వర్తకుడు. నాలుగేళ్ళనుంచీ మనం పంచుకుంటున్న దాంట్లో చాలా భాగం చేపల అద్దె."

కుర్చీలు కిరకిరలాడాయి. ఎవరో రామరామ అన్నారు. ఒకాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు, అందులో ఏదో ఈదుతున్నట్టు. సుబ్బయ్య గారి మొహం కందిపోయింది.

"బావగారూ! చేపల డబ్బు మా చేత తినిపించారా? నిత్యం పూజ చేసుకునే ఇల్లండీ మాది!"

"తెలుసు మావయ్యా," అంది సూర్యకుమారి. "మీరు పూజగదిలో లక్ష్మీదేవి పటం వెనకాల ఒక పసుపు నోటు పెట్టుకున్నారు కదా. అత్తయ్య నాకు చూపించింది. అమ్మ పసుపు నీళ్ళు చల్లేది ఆకివీడు నోట్ల మీదేనండి. వేరే నోట్ల మీద చల్లదు."

లోపలి గదిలో ఆదిలక్ష్మమ్మ గారు పైటచెంగు నోట్లో కుక్కుకున్నారు. ఏడుస్తున్నారేమోనని చూసింది చంద్రావతి. నవ్వుతున్నారు.

ఇంక గోడౌను ఆ సాయంత్రానికే అమ్ముడుపోతుందని చంద్రావతి అనుకుంది. ఈ మనుషులని ఇన్నేళ్ళు చూసి కూడా ఆమె వాళ్ళని ఇంకా తక్కువ అంచనా వేసింది. వాళ్ళ నిష్ఠ గురించి కాదు.

సుబ్బయ్య గారు విసనకర్ర మళ్ళీ అందుకున్నారు. "అద్దె ఎంత వస్తుందేమిటి?" అన్నారు, ఊరికే తెలుసుకుందామన్నట్టు.

తాతారావు చెప్పాడు.

"నెలకే?"

"నెలకేనండి."

"మన మేడ పై అంతస్తు అంతా కలిపి ఎంత వస్తుంది?"

"ఇంచుమించు అంతేనండి."

విసనకర్ర నాలుగుసార్లు ఊగింది.

"పైగా అయిదేళ్ళకి రాసిస్తే రూపాయికి పావలా పెంచుతారట. ఏడాది అద్దె ముందే ఇస్తారట. పెరిగిన వడ్డీకి అది చాలు," అంది సూర్యకుమారి. "మేడలో కొట్లవాళ్ళు కూడా కాస్త పెంచితే..."

అందరూ ఫానుకేసి చూశారు. సుబ్బయ్య గారు మరీ శ్రద్ధగా చూశారు.

"కొట్ల సంగతి తర్వాత," అన్నారాయన. "నాదొక సందేహం. ఎండబెట్టేటప్పుడు ఆ చేపలకి ఉప్పు వేస్తారా, వెయ్యరా?"

"వేస్తారనుకుంటానండి," అన్నాడు తాతారావు.

"బస్తాలకి బస్తాలు వెయ్యాలి కదా?"

"వెయ్యాలండి."

"అంటే అందులో ఉప్పు నిలవ చేస్తారు. మరి బావగారు ఉప్పు గోడౌను అన్నారంటే తప్పేముంది? ఆడపిల్ల, తెలియక ఏదో అంది." సావిడంతా కలియజూశారు. "ఉంచుదాం."

ఉంచుదామన్నారు అందరూ. కింద పెట్టిన కాఫీ గ్లాసు మళ్ళీ పైకి లేచింది.

వీరరాఘవులు గారు కూర్చునే ఉన్నారు. ఓడిపోయినవాడి మొహం కాదది. ఓడించినవాళ్ళకి ఎంత పడుతుందో లెక్క వేసుకుంటున్న మొహం.

"బాగుంది," అన్నారు. "ముందొచ్చే అద్దె బ్యాంకుకి పోతుంది. అమ్మకం లేదు కాబట్టి మిగులు లేదు. ఈ ఆరునెలలకీ ఎవరికీ పంపకం లేదు." అప్పుడు కూతురివైపు చూశారు. "ఎవరికీ."

సూర్యకుమారి తలవంచుకుంది. సోమవారం ఆ సావిట్లోంచి వెళ్ళిపోవడం అందరికన్నా ముందు ఆమెకే కనిపించింది. న్యాయం చెప్పింది చంద్రావతి. ఖరీదు కట్టింది మరొకరు.

మీటింగు అయిపోయేది. కానీ రిజిస్ట్రీ సంగతి వచ్చింది. అయిదేళ్ళ కాయితానికి కంపెనీ తరఫున ఒకరు ఆకివీడు వెళ్ళి రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టాలి. గోడౌను సరిహద్దులు చూసి మరీ పెట్టాలి.

"సెక్రటరీ ఉన్నాడుగా," అన్నారొకాయన.

"నాకా వాసన పడదండి," అన్నాడు తాతారావు. "డాక్టరుగారు కూడా చెప్పారు."

ఏ డాక్టరు చెప్పాడో చంద్రావతికి తెలియదు. పెళ్ళయినప్పటినుంచీ ఈయనకి పడనివాటి జాబితా ఆమె దగ్గర ఉంది. అందులో చాలావరకు పనులు.

డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. ఒకాయన వియ్యంకుడిది ఆకివీడే, చూస్తే పరువు పోతుంది. ఒకాయనకి శ్రావణమాసం వస్తోంది. వీరరాఘవులు గారికి గుండె ఉంది.

"అమ్మాయిని పంపించండి బావగారూ," అన్నారు సుబ్బయ్య గారు. చాలా సులువుగా అన్నారు. "ఆవిడకి ఇంక శుభాలేమిటి, మైలలేమిటి? చేపల దగ్గరికి వెళ్ళినా అడిగేవాడు లేడు. ముత్తైదువులైతే బాగుండదు కానీ."

పొద్దున్న బయల్దేరేటప్పుడు ఆమె ఎదురొస్తే ఈ సుబ్బయ్య గారే వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి కూర్చునేవారు. ఇప్పుడు కంపెనీ తరఫున ఆమె చెయ్యే శుభ్రమైనదని కనిపెట్టారు. ఆ మాట తప్పని ఎవరికీ తోచలేదు. సమస్య తీరినందుకు ఊపిరి పీల్చుకున్నారు.

సూర్యకుమారి తలెత్తింది. సుబ్బయ్య గారిని చూసింది, తండ్రిని చూసింది. తండ్రి కండువా సర్దుకుంటున్నారు.

"వెళ్తాను," అంది.

తీర్మానం రాసేశారు. అందరూ బల్ల దగ్గరికి వచ్చి సంతకాలు పెట్టారు, ఆమె వెళ్ళడానికి. చేపల పేరు ఎక్కడా రాలేదు. ఉప్పు అనే రాశారు.

అరుగు మీద పెద్దింటయ్య లేచి నిలబడ్డాడు. సావిట్లో మాటలన్నీ కిటికీలోంచి అతనికి వినిపించాయి. గాలి రానివైపు కూర్చోబెట్టినా మాటలు వస్తాయి.

"షావుకారుగారూ, ఒక్క మాట," అన్నాడు. "ఏడాది అద్దె రొక్కం ఇస్తానన్నాను. రేపు రిజిస్ట్రారు ఎదట ఎవరి చేతికియ్యాలి?"

"సంతకం పెట్టినవారి చేతికే ఇస్తారు. అదీ పద్ధతి. రసీదు వాళ్ళే ఇవ్వాలి," అన్నాడు తాతారావు. పద్ధతులు చెప్పడం అతనికి పడుతుంది.

చెప్పాక అతనికి కూడా ఏదో తోచినట్టుంది. చెల్లెలికేసి చూశాడు. వీరరాఘవులు గారి చెయ్యి కండువా మీద ఆగిపోయింది. తీర్మానం మీద సిరా ఇంకా ఆరలేదు. సంతకాలు పెట్టినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు.

సూర్యకుమారి అప్పటికే లోపలికి వచ్చేసింది.

"వదినా, అటక మీద నా ట్రంకుపెట్టె దించాలి. కాస్త పట్టుకుంటావా?"

చంద్రావతి కదల్లేదు. ఏడాది అద్దె రొక్కం చేతిలో ఉంటే, ఆకివీడులో బండెక్కి భీమవరంలో మారితే రాజమండ్రి ఎంతో దూరం కాదు.

"ఆ డబ్బు బ్యాంకుదే," అంది నెమ్మదిగా.

"తెలుసు. నా వాటాలు ఎవరివి?"

ముక్కాలిపీట తెచ్చుకుని ఆమే ఎక్కింది. పెట్టె అంచు దొరికింది, కానీ బరువుకి అటకమీదే ఒరిగి ఆగిపోయింది. రెండో చివర ఎవరో పట్టుకోవాలి.

"ఆకివీడు వెళ్ళి సంతకం పెట్టి రావడానికి ట్రంకుపెట్టె దేనికే?" అని అడిగారు ఆదిలక్ష్మమ్మ గారు.

సావిట్లోంచి వీరరాఘవులు గారి అడుగులు లోపలికి వస్తున్నాయి. పీట మీదనుంచి సూర్యకుమారి చంద్రావతినే చూస్తోంది.